నైట్ షిఫ్టు నాది

నేను ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ని. రామకృష్ణాపూర్‌లో ఒక మేడ ఇంటి మెట్లగది గోడకు, స్లాబ్‌కి జానెడు కింద నన్ను బిగించారు. బిగించమన్న పెద్దాయన సింగరేణిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన కొడుకు ఇప్పుడు నైట్ షిఫ్టుకు బొగ్గు బాయి దిగి, పొద్దున వచ్చి పై గదిలో పడుకుంటాడు. ఆ నిద్ర కోసమే నేనున్నాను.

మే నెలలో మా మంచిర్యాల జిల్లాలో ఎండ 45 డిగ్రీలకు చేరడం కొత్త కాదు. పగలంతా వేడి తాగిన స్లాబ్ పొద్దుగూకాక దాన్ని గదిలోకి వదులుతుంది. సీలింగ్ ఫ్యాన్ వేస్తే పైన చేరిన ఆ సెగే కిందికి కొడుతుంది. అందుకే బయట చల్లబడగానే నన్ను వేస్తారు, ఎండ ముదరకముందే ఆపి కిటికీలు మూస్తారు. పగలు తిరిగానంటే వడగాలిని చేజేతులా ఇంట్లోకి లాగినట్టే. రాత్రంతా చల్లబడ్డ గోడలే పగటి నిద్రను కాస్తాయి.

మొదటి రాత్రి నా పక్కనున్న డాబా తలుపు బార్లా తీసి ఉంది.

"గా తలుపు ముయ్యి బిడ్డా," అన్నాడు పెద్దాయన కోడలితో.

"తెరిసుంటెనే గాలి మంచిగ వస్తది గద మామా?"

"గీడ వస్తది, గదిలకు రాదు. బాయిల ఎయిర్ డోర్ తెరిసిపెడితే గాలి అడ్డదారిల బయటికి పోయే రిటర్న్‌ల కలుస్తది. బొగ్గు తీసే ఫేసు కాడ పనిచేసేటోనికి ఊపిరాడది."

తలుపు మూయగానే పై గది కర్టెన్ లోపలికి ఉబ్బింది. కింది ఉత్తరపు కిటికీ గాలి కూడా మెట్లెక్కి వచ్చి నన్ను చేరింది. ఆయన గుమ్మంలో అరచెయ్యి పెట్టి చూసి తలూపాడు.

గనిలో పనిచేసే చోట, గాలిలో తేమను కూడా లెక్కలోకి తీసుకునే తడి బల్బు ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు దాటకూడదు, 30.5 దాటితే గాలి సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో కదలాలి. ఇది బొగ్గు గనుల నిబంధన. ఆ కార్మికుడు పడుకునే గదిని కూడా అంత శ్రద్ధగా పట్టించుకోవాలని నా కోరిక.

డాబాకు తెల్ల సున్నం కొట్టాక నా పని చాలా తేలికైంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానం 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల చల్లని కప్పులు కావాలంటోంది. కప్పుకు ఎండ పట్టకుండా సున్నం చూస్తుంది, లోపల చేరిన వేడిని నేను బయటికి నెడతాను. రెక్కలకు పట్టిన బొగ్గు దుమ్ము తుడుస్తూ ఉంటే చాలు.

ఇప్పుడు పక్కింటివాళ్లు పైన అంతస్తు కడుతున్నారు. పెద్దాయన నిన్న వెళ్లి, మెట్లగది గోడ మీద సుద్దముక్కతో గుండ్రంగా గీసి, అక్కడ ఇటుక పెట్టొద్దని మేస్త్రీకి చెప్పి వచ్చాడు.