నేను కత్తిరించిన పేరా

2008 సెప్టెంబర్ 10న జెనీవా దగ్గర, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ సరిహద్దు కింద తవ్విన 27 కిలోమీటర్ల సొరంగంలో ఉన్న సెర్న్ పరిశోధన సంస్థ యంత్రంలో ప్రోటాన్ల పుంజం మొదటిసారి పూర్తిగా ఒక చుట్టు తిరిగింది. ఆ రోజు జరిగింది అంతే. ముందు ఒక దిశలో ఒక పుంజం, ఆ తర్వాత రెండో దిశలో ఇంకొకటి. వాటిని ఎదురెదురుగా ఢీకొట్టించే పని ఆ రోజు పెట్టుకోనే లేదు. తొమ్మిది రోజులకే అయస్కాంతాల మధ్య విద్యుత్ అతుకు ఒకటి చెడి, హీలియం లీకై, యంత్రం ఏడాదికి పైగా మూతబడింది. తొలి ప్రోటాన్లు ఢీకొన్నది 2009 నవంబర్‌లో.

నేను మాత్రం ఆ యంత్రంలో కృష్ణబిలం పుట్టి సెప్టెంబర్ 10న లోకం మునుగుతుందేమోనని రాశాను. అప్పుడు హైదరాబాద్‌లో ఒక వార్తా చానల్ డెస్క్‌లో పనిచేసేవాణ్ని. డిగ్రీలో ఫిజిక్స్ చదివానని సైన్స్ వార్త ఏదొచ్చినా నా ముందుకే వచ్చేది. ముందు రోజు రాత్రి వెళ్లిన అరగంట కార్యక్రమానికి స్క్రిప్ట్ నాది. ‘రేపే ప్రళయమా?’ అన్న పేరు నాది. బ్రహ్మంగారి కాలజ్ఞానంలో దీని ప్రస్తావన ఉందా అన్న ప్రశ్న కూడా నేనే కలిపాను, ఉందో లేదో పుస్తకం తెరిచి చూడకుండానే. సెర్న్ ఆవరణలో మన దేశం 2004లో బహూకరించిన నటరాజ విగ్రహం ఉంది. సృష్టిలయల లయకు గుర్తుగా పెట్టిన ఆ విగ్రహాన్ని ప్రళయ తాండవానికి సాక్ష్యంగా చూపించమని గ్రాఫిక్స్ వాళ్లకు చెప్పింది నేనే. భూగోళం ఒక నల్లటి సుడిలోకి జారిపోయే బొమ్మ అరగంటలో ఎన్నిసార్లు తిరిగిందో చెప్పలేను. ఎవరూ నన్ను అలా రాయమని ఒత్తిడి పెట్టలేదు. ఆ మాట స్పష్టంగా చెప్పాలి.

ఏజెన్సీ నుంచి వచ్చిన వార్త చివర ఒక పేరా ఉంది. యంత్రం వల్ల ప్రమాదం లేదని నిపుణుల బృందం జూన్‌లోనే నివేదిక ఇచ్చిందనీ, ఇంతకంటే శక్తిమంతమైన ఘాతాలు విశ్వకిరణాల వల్ల ప్రకృతిలో నిత్యం జరుగుతూనే ఉన్నాయనీ ఆ పేరా సారాంశం. దాన్ని చదివాను. చదివి తీసేశాను. కథ చల్లబడుతుందన్నది ఒక కారణం. రెండో కారణం ఇన్నేళ్ల తర్వాత కూడా నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఆ వాక్యం ఏం చెబుతోందో నాకు అర్థం కాలేదు, అర్థం చేసుకోవాలని అనిపించనూ లేదు. కృష్ణబిలం అంటే కనబడినదల్లా మింగేది అన్న ఒక్క ఊహ నా తలలో స్థిరపడిపోయింది. ఎంత చిన్నదైనా మింగుతుంది, మింగుతూ పెరుగుతుంది, చివరికి భూమి కూడా మిగలదు. నేను అబద్ధమని తెలిసి రాయలేదు. సగం నమ్మే రాశాను. నమ్మినవాడికి సరిచూసుకునే బాధ్యత మరింత ఉంటుందని ఆనాడు తోచలేదు.

కార్యక్రమం సాగుతుండగానే డెస్క్‌కు ఫోన్లు మొదలయ్యాయి. ఒకావిడ కరీంనగర్ వైపు పల్లె నుంచి చేసింది. “అన్నా, మా బిడ్డ హైదరాబాద్ల హాస్టల్ల ఉంటది. రాత్రి బస్సుకు వచ్చి తోల్కపోవాల్నా? అందరం ఒక్కకాడ ఉంటె మంచిది గదా?” అని అడిగింది. “ఏమోనమ్మా, శాస్త్రవేత్తలే తేల్చుకోలేకపోతున్నారు” అన్నాను. ఆ మాట నిజం కాదు. శాస్త్రవేత్తలు తేల్చారు. తేల్చిన కాగితం నా బల్ల మీద ఉంది. ఆవిడ బస్సెక్కిందో లేదో నాకు తెలియదు. అదే వారంలో మన దేశంలోనే ఈ భయంతో ఒక అమ్మాయి ప్రాణం తీసుకుందని వార్త వచ్చింది. ఆ పిల్ల చూసింది మా చానల్ కాదు, ఆమె భాషా వేరు. అయినా ఆ వార్తను డెస్క్‌లో దిద్దింది నేనే. దిద్దుతున్నప్పుడు నా చేతులు ఆడలేదు.

ఆ తర్వాతే ఆ నివేదిక వెతుక్కుని చదివాను. నేను కత్తిరించిన వాక్యం వెనక ఉన్నది చూస్తే, అంత గొప్ప తర్కాన్ని ఒక్క మౌస్ నొక్కుతో చెరిపేశానా అనిపించింది.

ఆ యంత్రం అత్యధిక శక్తితో రెండు ప్రోటాన్లను ఢీకొట్టించినా, అలాంటి ఘాతం కలగడానికి ఆకాశం నుంచి వచ్చి ఇక్కడి నిశ్చల ప్రోటాన్‌ను తాకే కణానికి ఒకటి పక్కన 17 సున్నాలన్ని ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటే చాలు. అంతకు మించిన శక్తి గల కణాలు భూమి మీద పడుతూనే ఉన్నాయి. విశ్వకిరణాలంటే అవే. 1991 అక్టోబర్ 15న అమెరికాలోని యూటా ఎడారి మీద ‘ఫ్లైస్ ఐ’ పరికరాలు ఒక కణాన్ని నమోదు చేశాయి. దాని శక్తి సుమారు 50 జౌళ్లు. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతికి ఉండేంత శక్తి, పరమాణు కేంద్రకాన్ని మించని ఒక రేణువులో. సెర్న్ యంత్రం ఒక ప్రోటాన్‌కు ఇవ్వగల గరిష్ఠ శక్తికి అది దాదాపు నాలుగున్నర కోట్ల రెట్లు. అయితే కదలని గాలి అణువును తాకినప్పుడు ఆ శక్తి అంతా ఘాతానికి పనికిరాదు, ఎక్కువ భాగం ముందుకు దూసుకుపోవడానికే పోతుంది. ఆ లెక్క తీసేసినా సెర్న్ ఘాతానికి అది 50 రెట్లకు పైనే ఉంటుంది. భూమికి 450 కోట్ల ఏళ్ల వయసు. ఇన్నేళ్లుగా ఈ వాన కురుస్తూనే ఉంది. మన అరచేతిలోంచి కూడా ఆ ఘాతాల్లో పుట్టిన మ్యూయాన్లనే కణాలు సెకనుకొకటి చొప్పున దూరిపోతుంటాయి. సెర్న్‌లో మనుషులు చేయబోయిన ప్రయోగాన్ని ప్రకృతి మన నెత్తి మీదే లెక్కలేనన్ని సార్లు చేసి చూపించింది.

హైదరాబాద్‌లో ఉండి ఇది తెలియకపోవడం నా తెలివితక్కువతనంలో ఇంకో భాగం. విశ్వకిరణాలనూ, ఆకాశం నుంచి వచ్చే ఎక్స్ కిరణాలనూ పట్టుకోవడానికి టాటా మౌలిక పరిశోధన సంస్థ వాళ్లు పెద్ద బెలూన్లు ఎగరేసే కేంద్రం మా ఊళ్లోనే, ఈసీఐఎల్ పక్కన 1969 నుంచి ఉంది. ఎక్స్ కిరణాలు గాలిని దాటి కిందికి రాలేవు కాబట్టి పరికరాలను 30 కిలోమీటర్లకు పైగా లేపాలి. పని అయ్యాక పరికరాలు పారాచూట్‌తో పొలాల్లో దిగుతాయి. దొరికిన పెట్టెను విప్పొద్దు, పోలీసులకు చెప్పండి అని ఆ సంస్థ పత్రికలకు ప్రకటన పంపుతుంది. ఆ ప్రకటనలు నా చేతుల మీదుగా వెళ్లాయి. ‘ఆకాశం నుంచి వింత వస్తువులు’ అని శీర్షిక పెట్టి పంపేవాణ్ని. ఆ పెట్టెలో ఏముంటుంది, దేన్ని కొలవడానికి పైకి వెళ్లింది అని ఒక్క ఫోన్ చేసి అడగలేదు. అడిగి ఉంటే సెప్టెంబర్ 9 రాత్రి విశ్వకిరణాలు అన్న మాట నాకు అపరిచితంగా ఉండేది కాదు.

ఇక నా మనసు పట్టేసిన భాగం ఇది. పైన చెప్పిన వాదానికి ఒక అభ్యంతరం ఉంది, న్యాయమైన అభ్యంతరమే. విశ్వకిరణం గాలిని తాకి ఒక అణుమాత్రపు కృష్ణబిలాన్ని పుట్టించిందనుకుందాం. అది దాదాపు కాంతివేగంతో భూమిని చీల్చుకుని అవతలికి పోతుంది. సెర్న్‌లో ఎదురెదురు ఘాతం కాబట్టి పుట్టినది నెమ్మదిగా కదిలి భూమిలోనే చిక్కుకోవచ్చు. కాబట్టి భూమి బతికి ఉండటం ఒక్కటే సాక్ష్యంగా చాలదు. దీనికి సులువైన జవాబు ఉంది. స్టీఫెన్ హాకింగ్ 1974లో చెప్పినట్టు అంత చిన్న కృష్ణబిలం పుట్టిన మరుక్షణమే ఆవిరైపోతుంది. కానీ ఆ ఆవిరిని ఇంతవరకు ఎవరూ చూడలేదు. అందుకని స్టీవెన్ గిడ్డింగ్స్, మికెలాంజెలో మంగానో అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు ఆ జవాబును పక్కన పెట్టారు. ఆవిరి కాదనే అనుకుందాం, అప్పుడు ఏమవుతుందో చూద్దాం అన్నారు. తమ పక్షానికి అనుకూలమైన ఊహను చేతులారా వదులుకుని లెక్క మొదలుపెట్టిన ఆ నిజాయతీకి నేను ఇవాళ్టికీ చేతులెత్తి మొక్కుతాను.

వాళ్లు భూమిని వదిలి చనిపోయిన నక్షత్రాల వైపు తిరిగారు. శ్వేత కుబ్జం అంటే సూర్యుడంత పదార్థం భూమంత పరిమాణానికి కుదించుకున్నది. అందులో ఒక ఘన సెంటీమీటరు టన్ను బరువు తూగుతుంది. న్యూట్రాన్ తార ఇంకా గట్టిది. సూర్యుడికి దాదాపు ఒకటిన్నర రెట్ల పదార్థం ఒక నగరమంత, ఇరవై పాతిక కిలోమీటర్ల వ్యాసంలో ఇమిడి ఉంటుంది. భూమిని చీల్చుకుపోయే వేగమున్న కణం కూడా ఇంత దట్టమైన చోట ఆగక తప్పదు. న్యూట్రాన్ తారల అయస్కాంత క్షేత్రం విశ్వకిరణాలను దగ్గరకు రాకముందే నీరసపరుస్తుంది కదా అన్న ప్రశ్ననూ వాళ్లు వదల్లేదు. న్యూట్రాన్ తారకు జంటగా తిరిగే మామూలు నక్షత్రం మీద కిరణాలు పడతాయి. అక్కడ పుట్టినదానికి విద్యుదావేశం ఉండనక్కర్లేదు కాబట్టి అయస్కాంతం దాన్ని ఆపలేదు, సూటిగా పోయి న్యూట్రాన్ తారలో దిగబడుతుంది. ప్రమాదకరమైన కృష్ణబిలాలు ఇలా పుట్టేవే అయితే ఇన్ని కోట్ల ఏళ్లలో ఆ నక్షత్రాలు లోపలి నుంచి తినబడి మాయమైపోవాలి. అవి మాయం కాలేదు. కోట్ల, వందల కోట్ల ఏళ్ల వయసున్న శ్వేత కుబ్జాలు టెలిస్కోపుల్లో తెల్లగా కనిపిస్తున్నాయి. న్యూట్రాన్ తారలున్న జంటలు ఎక్స్ కిరణాలు చిమ్ముతూనే ఉన్నాయి. వాళ్ల వ్యాసం 2008 జూన్‌లో వెలువడింది. నా స్క్రిప్ట్‌కు మూడు నెలల ముందు.

అంటే కరీంనగర్ నుంచి ఫోన్ చేసిన ఆ తల్లికి నేను చెప్పగలిగిన జవాబు ఉంది. భయం లేదమ్మా, బిడ్డను చదువుకోనియ్యి, ఇది ఎప్పుడో పరీక్షించి చూసిన సంగతే అనవచ్చు. ఆ రెండు ముక్కలు చెప్పడానికి గణితం అక్కర్లేదు.

కృష్ణబిలం మింగుతుందన్న ఊహ కూడా తర్వాత తర్వాత నాలో పూర్తిగా తలకిందులైంది. సూర్యుడి చోట అంతే బరువున్న కృష్ణబిలం పెడితే భూమి కక్ష్య వెంట్రుకవాసి కూడా మారదు. దూరం నుంచి చూస్తే బరువు బరువే, ఎవరిదైనా ఒకటే లాగుడు. దగ్గరకు చేరిన వాయువు కూడా తిన్నగా లోపల పడదు. చుట్టూ బిళ్లలా తిరుగుతూ, ఒరుసుకుంటూ కోట్ల డిగ్రీలకు వేడెక్కి వెలుగుతుంది. హైడ్రోజన్ కలిసి హీలియం అయినప్పుడు పదార్థంలో 0.7 శాతం మాత్రమే శక్తిగా మారుతుంది. తిరగని కృష్ణబిలం చుట్టూ పడే పదార్థం దాదాపు 6 శాతం వెలుగుగా ఇస్తుంది, గరిష్ఠ వేగంతో తిరిగేదైతే 40 శాతం దాటుతుంది. 1963లో మార్టెన్ ష్మిట్ అనే ఖగోళ శాస్త్రవేత్త 3సీ 273 అనే చుక్క వర్ణపటంలో ఎవరూ పోల్చుకోలేని గీతలు మామూలు హైడ్రోజన్ గీతలేననీ, దాదాపు 16 శాతం జరిగి ఉన్నాయనీ గుర్తించాడు. అప్పుడు తేలింది, నక్షత్రంలా కనబడే ఆ చుక్క వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉందని. అంత దూరం నుంచి కనపడాలంటే అది ఒక పూర్తి గెలాక్సీని మించి వెలగాలి. విశ్వంలో అంతసేపు అంత ఎక్కువగా వెలిగే దీపం కృష్ణబిలం ముంగిట్లోనే ఉంటుంది. నేను తెర మీద చూపించిన నల్లటి సుడికీ దీనికీ పొంతనే లేదు.

2022 జూలై 5న సెర్న్ యంత్రం మరింత శక్తితో తిరిగి పని మొదలుపెట్టినప్పుడు మళ్లీ అదే పుకారు ఫోన్లలో తిరిగింది. మా బంధువుల గ్రూపులో మా మేనకోడలు దాన్ని పెట్టి, “మామయ్యా, ఇది నిజమా?” అని అడిగింది. ఈసారి కూర్చుని శ్వేత కుబ్జాల సంగతి, న్యూట్రాన్ తారల సంగతి నిదానంగా రాశాను. చదివి ఇంకో ప్రశ్న వేసింది. “మరి ఆ కిరణాలకు అంత శక్తి ఎవరిస్తున్నారు మామయ్యా?” అని.

దానికి మాత్రం పూర్తి జవాబు ఇప్పటికీ శాస్త్రం దగ్గర లేదు. 2017 సెప్టెంబర్ 22న దక్షిణ ధ్రువం మంచులో పూడ్చిన ఐస్‌క్యూబ్ పరికరం న్యూట్రినో అనే కణాన్ని ఒకదాన్ని పట్టుకుంది. అది వచ్చిన దిక్కునే టీఎక్స్ఎస్ 0506+056 అనే బ్లేజార్ ఆ నెలల్లో గామా కిరణాలు ఉద్ధృతంగా చిమ్ముతోంది. తన ధారను సూటిగా మన వైపు తిప్పి ఉన్న మహా కృష్ణబిలం అది. అలాంటి న్యూట్రినో పుట్టాలంటే అక్కడ ప్రోటాన్లు విపరీతమైన వేగం అందుకుని ఉండాలి. అత్యధిక శక్తి గల కిరణాలను విసిరేది ఇలాంటి కృష్ణబిలాలేనా, ఇంకేమైనా ఉన్నాయా అని ఐస్‌క్యూబ్ వాళ్లూ, అర్జెంటీనా మైదానంలో పియెర్ ఓజే పరికరాల దగ్గర ఉన్నవాళ్లూ ఇంకా లెక్క కడుతున్నారు. ఆ ఫలితాలు వచ్చినప్పుడల్లా తెలుగులో రాసి మేనకోడలికి పంపుతున్నాను, చివరి పేరాతో సహా.