రెక్కలున్న విల్లా

హైదరాబాద్ శివారు వెలిమెలలో భూములమ్మినవాళ్లకు బెంజి కారు పాతబడింది. ఇక మిగిలింది ఆకాశమే! విల్లా ధరకే పాత పెద్ద బిజినెస్ జెట్ దొరుకుతుందట. దొరుకుతుంది. 1985లో తొలిసారి ఎగిరిన గల్ఫ్‌స్ట్రీమ్-4 రకం ముసలి విమానాలు కొత్తదాని ధరలో పిసరంతకే వస్తాయి. కానీ గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు. గంట ఎగిరితే దాదాపు 1,800 లీటర్ల ఇంధనం తాగుతుంది. ఇంజిన్లు రెండూ రోల్స్‌రాయిస్‌వే. వాటి ఓవర్‌హాల్ బిల్లు ఒక్కోసారి విమానం ధరనే మించిపోతుంది. పైగా దిగుమతికి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టిన వయసు పరిమితి ఉంది (అక్కడ జాతకం చెల్లదు).

వాస్తుకు మాత్రం ఢోకా లేదు, బేగంపేట రన్‌వే తూర్పు పడమరలే. లింగంపల్లి ట్రాఫిక్ ఈది మీరు అక్కడికి చేరేలోపు విమానం తిరుపతిలో దిగగలదు.

మళ్లీ అమ్ముకోవచ్చంటారా? అప్పుల్లో మునిగిన విజయ్ మాల్యా గారి ఎయిర్‌బస్ ఏ319 ఏళ్ల తరబడి ముంబైలో పార్కింగ్ చోటు ఆక్రమించుకుని కూర్చుంది. 2016 వేలంలో కనీస ధర 152 కోట్లంటే, వచ్చిన పాట 1.09 కోట్లు! చివరికి 2018లో 34.8 కోట్లకు పోయింది. ఆ డబ్బుకు మన కోకాపేటలో అరెకరం కూడా రాదు. 2023 వేలంలో అక్కడ ఎకరం 100.75 కోట్లు పలికింది మరి!