వీధి మూత పద్యం: సటీక తాత్పర్యము

అవతారిక

భద్రావతి మహారాష్ట్రలో, చంద్రపూర్ జిల్లాలో ఉంది. రైలు దిగేవారికి మాత్రం దాని పేరు భాందక్. విజాసన్ కొండలో బౌద్ధ గుహలు, ఊళ్లో పార్శ్వనాథుడి జైన మందిరం, శివార్లలో ఆయుధ కర్మాగారం, చుట్టూ బొగ్గు గనులు. వార్ధా నదికి అవతలి రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోదే. బొగ్గు పని వెంట వచ్చి ఈ జిల్లాలో స్థిరపడిన తెలుగువాళ్లూ తక్కువేం కాదు. కనుక ఇక్కడ తెలుగు పద్యం పుట్టడం వింత కాదు, అది సింకు మీద పుట్టడమే వింత. కవి గని కాలనీ క్వార్టరులో కాపురమున్నవాడని టీకాకారుడి ఊహ. కడుపు మండితే గాని ఇంత నిర్దుష్టమైన ఆటవెలది రాదు.

మూలం

సింకు నిండి నీరు చిందెను వంటింట
కర్ర గుచ్చి చూడ కదలదాయె
యాసిడెంత పోయ నడ్డు తొలగకుండ
వీధి మూత తెరవ వెడలె నీరు

ప్రతిపదార్థం

సింకు = గిన్నెలు తోమే స్టీలు తొట్టి; నిండి = చింతపండు పిప్పి, టీ పొడి, అన్నం మెతుకులు, వీటన్నిటినీ ఒక్కటిగా పట్టి ఉంచే నూనె జిడ్డు, ఇన్నింటి చేత పూరింపబడినదై; నీరు = పప్పు గిన్నె కడిగిన నీరు; వంటింట చిందెను = ఇల్లాలి పాదాల మీద పడెను, ఆమె కేక ఇంటాయన చెవిన పడెను (ఇది వ్యంగ్యార్థం); కర్ర = చీపురు కట్ట వెనుక కొస; గుచ్చి చూడన్ = పొడిచి పొడిచి చూడగా; కదలదాయె = కదలలేదు సరికదా, కర్ర కొస విరిగి లోపలే ఉండిపోయెను (కొందరి మతం); యాసిడు = బాత్రూము కడగడానికి దాచిన సీసాలోనిది; ఎంత పోయన్ = సీసా ఖాళీ అయినను; అడ్డు = చోకప్; తొలగకుండ = తొలగకపోగా; వీధి మూత = ప్రహరీ బయటి చాంబరు మీది కాంక్రీటు పలక; తెరవన్ = తెరవగా; నీరు వెడలె = గుడగుడమని పోయెను.

తాత్పర్యం

సింకు నిండింది. పొడిస్తే పోలేదు, పోస్తే పోలేదు. వీధిలో చాంబరు తెరిస్తే పోయింది.

విశేషాలు

మొదటి పాదానికీ నాలుగో పాదానికీ నడుమ ఉన్నది అసంగత్యలంకారం. కారణం ఒకచోట, కార్యం మరొకచోట ఉంటే అసంగతి. అడ్డు పడింది వీధిలో, నీళ్లు నిలిచింది వంటింట్లో. ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు: “సింకు నిండితే దోషం సింకుదే కదా?” అవునో కాదో తేల్చే ప్రమాణం ఇంట్లోనే ఉంది. సింకు ఒక్కటే నిండి, బాత్రూములో నహానీ ట్రాప్ మామూలుగా లాగేస్తుంటే అడ్డు సింకు కిందే. సింకులో నీళ్లు వదిలితే బాత్రూములో బుడగలు లేచినా, కింది వాటాలో నీళ్లు పైకి తన్నినా అడ్డు అందరికీ కలిసిన లైనులో ఉన్నట్టు. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. కవి దీన్ని చేయకుండానే కర్ర పట్టుకున్నాడు.

ఆ కర్ర కూడా ఎక్కడికీ పోలేదు. సింకు కింద గొట్టం వంపు తిరిగి ఉంటుంది, అదే ట్రాప్. ఆ వంపులో 50 మిల్లీమీటర్ల లోతున నీరు ఎప్పుడూ నిలిచి ఉండాలి. మురుగు వాయువును ఇంట్లోకి రానివ్వని తలుపు ఆ నీరే. 1775లో ఈ వంపును మరుగుదొడ్డికి అమర్చి పేటెంటు పొందిన అలెగ్జాండర్ కమింగ్ వృత్తిరీత్యా గడియారాలు చేసేవాడు. నిటారు కర్ర ఆ వంపు దగ్గరే ఆగిపోతుంది. ఆ వంపు గొట్టం విప్పి, కింద బకెట్టు పెట్టి, పిప్పి తీసేయడం పది నిమిషాల పని. అది వదిలేసి చీపురుతో యుద్ధం చేయడాన్ని ఆలంకారికులు వీరరసాభాస అంటారు.

భద్రావతిలోనే మరో వాహిని ఉంది. పడమటి విద్యుత్ గ్రిడ్డునూ దక్షిణాది గ్రిడ్డునూ కలుపుతూ 1990ల చివర కట్టిన 1000 మెగావాట్ల కేంద్రం అది. అక్కడినుంచి తీగలు మన రామగుండానికి వస్తాయి. ఎటు కావాలంటే అటు కరెంటు మళ్లించగల ఏర్పాటు దానిది. మురుగు గొట్టానికి ఆ విద్య లేదు. దానికి వాలు ఒక్కటే దిక్కు. నాలుగంగుళాల గొట్టానికి 40 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఇవ్వడం మేస్త్రీల పాత లెక్క. లైనులో నీరు సెకనుకు సుమారు 0.6 మీటర్ల వేగమైనా అందుకోకపోతే మట్టీ జిడ్డూ అడుగున కూర్చుంటాయి. గచ్చు ఎత్తు సరిపోలేదని వాలు తగ్గించిన మేస్త్రీ, పదేళ్ల తరువాతి ఈ పద్యానికి సహకవి.

మూడో పాదం విశేషోక్తి అని చదివినవారు అంటారు. కారణముండీ కార్యం జరగకపోతే విశేషోక్తి. టీకాకారుడు ఒప్పుకోడు. అక్కడ కారణమే లేదు. వంటింటి అడ్డు జిడ్డుది, జిడ్డును యాసిడ్ కరిగించదు. కాస్టిక్ సోడా అయితే జిడ్డును సబ్బుగా మారుస్తుంది, వేడి నీళ్లు కొంత కదిలిస్తాయి. యాసిడ్ పీవీసీ గొట్టాన్ని ఏమీ చేయదు గాని సిమెంటు అతుకులనూ చాంబరు గోడలనూ తింటుంది, సింకు జల్లెడ మెరుపు పోగొడుతుంది. అదే గొట్టంలో బ్లీచింగ్ పౌడరు కూడా వేస్తే క్లోరిన్ లేస్తుంది. యాసిడ్ పనిచేయలేదని కవి అన్నది అబద్ధం. అది పనిచేసింది, కవి చూసిన చోట కాదు.

హోటళ్లవారు ఈ పాదాన్ని చదవనక్కరలేదు. వారు నూనె అంతా వదిలేది ఇదే లైనులోకి. గ్రీజు ట్రాప్ పెట్టించి వారం వారం తోడించుకుంటే చాలు.

ఇక నాలుగో పాదం. ఇక్కడ నిలబడాలి.

వ్యాకరణ దృష్టితో పద్యంలో మూడు పనులున్నాయి: చూడన్, పోయన్, తెరవన్. మూడింటికీ కర్త లేడు. మొదటి రెండు చోట్లా వెతకనక్కరలేదు. కర్ర పట్టిందీ సీసా వంచిందీ ఇంటాయనే. మూడో చోట అదే కర్తను అధ్యాహారం చేసుకుంటే పద్యం కుంటుతుంది. మూత తెరవడానికి ఇంటాయన వంగలేదు. పోనీ, మూత తెరిచినంత మాత్రాన నీరు పోతుందా? తెరిచాక ఎవరో దిగాలి, చేయి పెట్టాలి, చీల్చాలి, తోడాలి. ఆ క్రియలన్నీ కవి మింగేశాడు. కారణం లేకుండా కార్యం జరిగినట్టు చెప్పడం విభావనాలంకారమని లక్షణం. వీధి వీధినా రోజూ ఈ అలంకారమే వాడుతున్నాం.

మూత కింద ఏముంది? కుళ్లిన మురుగులో హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసన. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఏ వాసనా ఉండదు, అప్పుడే చంపుతుంది. సల్ఫైడున్న బురదకు యాసిడ్ తగిలితే ఈ వాయువు ఇంకా లేస్తుంది. మూడో పాదంలో సింకులో పోసింది నాలుగో పాదంలో మనిషి ముఖానికి వచ్చిందన్నమాట. పాదాల మధ్య ఈ అన్వయం కవికి తెలియదు.

బొగ్గు ఊరివాడికి తెలియకపోవడమే టీకాకారుడికి కష్టంగా ఉంది. గనిలో షిఫ్టుకు ముందు మైనింగ్ సర్దార్ వాయువు పరీక్ష చేయకుండా ఎవరూ పని మొదలుపెట్టరు. 1815లో డేవీ చేసిన రక్షణ దీపం నాటినుంచీ గాలిని చూశాకే మనిషి దిగాలన్నది గని ధర్మం. అదే గని మనిషి క్వార్టరు ముందు, కొన్ని అడుగుల లోతు గుంటలోకి, దీపం లేకుండా సర్దార్ లేకుండా ఇంకొకడు దిగుతుంటే నిలబడి చూస్తాడు.

చట్టానికి మాత్రం కర్త ఉన్నాడు. 2013 నాటి చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువలోకో సెప్టిక్ ట్యాంకులోకో మనిషిని దింపిన వాడికి మొదటి తప్పుకు రెండేళ్ల జైలు దాకా, రెండు లక్షల జరిమానా దాకా శిక్ష. దిగి చనిపోయినవారి కుటుంబానికి పది లక్షలివ్వాలని 2014లో అన్న సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. ఈ లుప్త కర్త కోసం జీవితమంతా వెతికినవాడు బెజవాడ విల్సన్. కోలార్ బంగారు గనుల ఊళ్లో, ఆ ఊరి పాకీ పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టాడు. సఫాయి కర్మచారీ ఆందోళన్ నడిపినందుకు 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. బంగారం గని అయినా బొగ్గు గని అయినా, లోపల పనిచేసేవారికి మస్టరు ఉంటుంది. పైన గుంటలు తోడేవారి పేర్లే పద్యంలోకి రావు.

పాఠాంతరం

నాలుగో పాదానికి టీకాకారుడు ప్రతిపాదించే పాఠం:

యంత్ర మచట దింప నరిగె నీరు

అరిగె = పోయెను. అయిదు సూర్యగణాలూ సరిపోయాయి, యకార అకారాలకు యతి కుదిరింది. ఇరుకు గల్లీల్లో యంత్రం ఎలా పడుతుందని పూర్వపక్షి మళ్లీ లేస్తే, అలాంటి గల్లీల కోసమే హైదరాబాద్ జలమండలి 2017లో చిన్న జెట్టింగ్ యంత్రాలు దింపిందని చెప్పి కూర్చోబెట్టాలి.