పొదుపుగా పులిని చూడటం ఎలా

సఫారీ అంటే స్వాహిలీ భాషలో ప్రయాణం. ఆ మాట అక్కడికి అరబ్బీ నుంచి వెళ్లింది. అదే ‘సఫర్’ ఉర్దూ మీదుగా హైదరాబాదుకూ వచ్చింది. తెలుగు మధ్యతరగతికి మాత్రం చాలాకాలం పాటు సఫారీ అంటే పెళ్లిలో మేనమామ తొడుక్కునే పొట్టిచేతుల సూటు. ఒకసారి కుట్టిస్తే పదేళ్లు వచ్చేది. ఇప్పటి సఫారీ తెల్లవారుజామున మొదలై టిఫిన్ వేళ దాటేసరికి అయిపోతోంది. కనుక దీన్ని చవగ్గా ముగించే విద్య ప్రతి గృహస్థుకూ అవసరం.

ఈ విద్యలో మొదటి మెట్టు బావమరిది. ఆయన లేనిదే ఎవరికీ పులి గుర్తుకు రాదు. ఏదో శుభకార్యంలో భోజనాల దగ్గర ఫోన్ తీసి, “బావా, రణథంబోర్‌లో మూడు కనిపించాయి. ఒకటి మా జీపు పక్కనుంచే పోయింది” అంటాడు. వీడియోలో పులి నాలుగు సెకన్లు, ముందు సీటాయన టోపీ నలభై సెకన్లు ఉంటుంది. ఇల్లాలు అప్పటికి ఏమీ అనదు. కారెక్కాక, “మనమూ ఓసారి వెళ్లొద్దామండీ” అంటుంది. ఆ క్షణంలోనే, ఏ ధరా కనుక్కోకుండా, ఒక బడ్జెట్ ప్రకటించాలి. అంకె గుండ్రంగా ఉండాలి. దేని మీదా ఆధారపడి ఉండకూడదు. ఒకసారి పిల్లల ముందు పైకి అన్నాక ఇక మారకూడదు.

ఆఫ్రికా సంగతి ఎత్తేవాళ్లు ఉంటే మొదటే తేల్చేయడం మేలు. కెన్యాలోని మసాయి మారాలో జులై నుంచి డిసెంబరు దాకా విదేశీయులకు గేటు రుసుమే రోజుకు 200 డాలర్లు. బస, జీపు, విమానం వేరే. డాలస్ తోడల్లుడు అక్కడికి వెళ్లొచ్చాడంటే అది ఆయన జీతం గొప్ప. దాన్ని చర్చకు పెట్టడం ఇంటి శాంతికి మంచిది కాదు.

తర్వాత అడవిని ఎంచుకోవాలి. విస్తీర్ణం చూసి ఎంచుకోవడం అన్నిటికన్నా తేలిక పద్ధతి. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోకెల్లా పెద్దది, 3,200 చదరపు కిలోమీటర్లకు పైనే. హద్దు అవతల తెలంగాణ వైపు అమ్రాబాద్ మరో 2,600. ఇంత పెద్ద అడవిలో పులి కనబడక ఎక్కడికి పోతుంది అనుకోవడం సహజం. అదే సౌలభ్యం పులికీ ఉందన్న సంగతి తట్టనివ్వకూడదు. 2022 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 63 పులులు, తెలంగాణలో 21 తేలాయి. వాటిలో చాలావాటికి నల్లమల కొండలు, లోయలు, మైళ్ల కొద్దీ చెట్ల చాటు ఉన్నాయి. ఫరహాబాద్‌లోనో తుమ్మలబైలులోనో సఫారీ బండి ఎక్కినవాళ్లకు లోయ కనిపిస్తుంది, నెమలి కనిపిస్తుంది, అదృష్టముంటే ఎలుగుబంటి కూడా. వెంట వచ్చిన చెంచు యువకుడు దారి పక్కన మట్టి చూపించి రాత్రి ఎవరెవరు ఎటు వెళ్లారో చెప్తాడు. ఆ చెప్పడం ఒక్కటే టికెట్ డబ్బుకు సరిపోతుంది. అయినా పులి కనబడలేదు కనుక పైకం దండగ అని తేల్చి, మన్ననూరు చెక్‌పోస్టును రాత్రి 9కి మూసేలోపు దాటి ఇల్లు చేరుకోవాలి.

ఈ అనుభవం తర్వాత అందరూ చేరేది తడోబాకే. మహారాష్ట్రలో 2022 నాటికి 444 పులులుంటే, వాటిలో పెద్ద వాటా చంద్రపూర్ జిల్లాది. హైదరాబాదు నుంచి దాదాపు 400 కిలోమీటర్లు. ఢిల్లీ వైపు వెళ్లే రైలెక్కి బల్లార్షలోనో చంద్రపూర్‌లోనో దిగవచ్చు. బల్లార్షలో టీ కొట్టు దగ్గర తెలుగు వినబడితే ఆశ్చర్యపోనక్కర లేదు. బొగ్గు గనులకూ కాగితం మిల్లుకూ వెళ్లి స్థిరపడిన మనవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు. తడోబా అన్న పేరు వెనక తారు అనే గోండు పెద్ద ఉన్నాడు. పులితో పోరాడి చనిపోయి దేవుడయ్యాడని అక్కడివాళ్లు చెప్తారు. చెరువు ఒడ్డున గుడి ఉంది, పుష్యమాసంలో జాతర జరుగుతుంది. పులిని చూడటానికి వెళ్లేవాళ్లు ఈ కథను తిరుగు ప్రయాణంలో తెలుసుకుంటే మంచిది.

బుకింగ్ దగ్గర అసలు ప్రతిభ బయటపడుతుంది. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు నిమిషాల్లో అయిపోతాయని తెలిసిన ఇంటాయనే పులి టికెట్లు మాత్రం తనకోసం ఆగుతాయనుకుంటాడు. సఫారీకి తిప్పే జిప్సీ జీపులో ఆరుగురు కూర్చోవచ్చు. నలుగురు వెళ్లినా బండి అద్దె తగ్గదు, గైడు రుసుమూ తగ్గదు. శని, ఆదివారాలు ధర ఎక్కువ. కనుక ఖాళీగా ఉండే ఆ రెండు సీట్లలో ఎవరినైనా కూర్చోబెట్టి ఖర్చు పంచుకోవడం తెలివైన పనే. కానీ ఆ తెలివి రైలెక్కాక రావాలి. అప్పటికి టికెట్టులో పేర్లు, గుర్తింపు కార్డు నంబర్లు అచ్చయి ఉంటాయి. మార్చడానికి వీల్లేదని గేటు దగ్గర తెలుస్తుంది.

సీటు ఏ గేటుకు దొరికితే ఆ గేటుకు తీసుకోవడం మరో పొదుపు. గేట్లన్నీ ఒకే అడవికి కదా! మొహర్లీ గేటు చంద్రపూర్ పట్టణానికి సుమారు 30 కిలోమీటర్లు. కొలారా గేటు అడవికి అవతలి అంచున, నాగ్‌పూర్ వైపు వాళ్లకు దగ్గర. చంద్రపూర్ బస్టాండు ఎదుట చవక లాడ్జిలో దిగి కొలారాకు టికెట్ తీసుకున్న కుటుంబం అడవి మధ్యగా అడ్డంగా పోలేదు, చుట్టి రావాలి. గేటు తెరిచేది తెల్లవారగానే. అంటే అర్ధరాత్రి దాటాక టాక్సీ. లాడ్జిలో మిగిలిన డబ్బు టాక్సీకి పోతుంది, పడుకోని మంచానికి కూడా అద్దె కట్టినట్టవుతుంది. గేటు దగ్గరి ఊళ్లో ఇళ్లవాళ్లు నడిపే చిన్న గదులు ఉంటాయి, కాస్త ఖర్చెక్కువ, పడక మామూలు. వాటిలో దిగినవాళ్లు ఐదింటికి లేచి టీ తాగి నడుచుకుంటూ వరుసలో నిలబడతారు. వాళ్లను చూసి అసూయపడటానికి మాత్రం డబ్బు అక్కర లేదు.

ఇక కాలం. హోటళ్లు చవగ్గా దొరికేది జులైలో. అందుకే జులైలో వెళ్లాలి. జులై 1 నుంచి సెప్టెంబరు 30 దాకా అడవి నడిమి భాగమైన ‘కోర్’ మూసేస్తారన్నది వెళ్లాక బోర్డు మీద చదువుకోవచ్చు. మామూలు వారాల్లోనైతే మంగళవారం సెలవు. సోమవారం రాత్రి రైలెక్కితే సరిగ్గా ఆ రోజుకు అందుకోవచ్చు. నిజానికి పులి బాగా కనిపించేది ఏప్రిల్, మే నెలల్లో. ఆకు రాలి, వాగులు ఎండి, మిగిలిన నీటి గుంటల దగ్గరికి పులి తానే వచ్చి వెనక కాళ్లు నీళ్లలో ముంచి కూర్చుంటుంది. ఇబ్బందల్లా ఒకటే: మేలో చంద్రపూర్ ఎండ ఒక్కోసారి 47 డిగ్రీలు దాటుతుంది. పై కప్పు లేని జిప్సీలో మధ్యాహ్నం సఫారీ అంటే టికెట్ కొనుక్కుని పెనం మీద కూర్చోవడం. పులి నీళ్లలో ఎందుకు కూర్చుందో అప్పుడు పూర్తిగా బోధపడుతుంది.

బఫర్ గురించి ఎవరైనా చెప్తే వినకూడదు. తడోబా మొత్తం 1,727 చదరపు కిలోమీటర్లలో కోర్ 625 మాత్రమే, మిగిలింది బఫర్. అక్కడ రుసుము తక్కువ, సీట్లు తేలిగ్గా దొరుకుతాయి, వానాకాలంలోనూ తిప్పుతారు. కోర్‌కూ బఫర్‌కూ మధ్య గీత ఎక్కడుందో పులికి తెలియదు. బఫర్‌లో పిల్లలతో తిరిగే ఆడపులులు ఎన్నో ఉన్నాయి. అయినా బావమరిది “కోర్ చూశావా, బఫరా?” అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి కట్టే తేడా సొమ్మును బడ్జెట్లో ‘ఇతరాలు’ కింద రాసుకోవాలి.

బట్టలు కొత్తవి, కళ్లు జిగేల్‌మనేవి ఉండాలి, ఫొటోల్లో బాగా పడతాయి. మట్టి రంగువి వేసుకోమని గైడు చెప్తే నవ్వి ఊరుకోవాలి. ఇక్కడ ఒక సరదా సంగతి: జింక కంటికి ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలియదు. మనకు మండే నారింజ రంగులో కనిపించే పులి జింకకు గడ్డిలో గడ్డిలా కనిపిస్తుంది. అంటే అడవిలో పులిని రంగు వల్ల పోల్చుకోగల సదుపాయం జింకకు లేదు, జిప్సీలో కూర్చున్నవాళ్లకే ఉంది. వాళ్లేమో తల వంచి పులిహోర పొట్లం విప్పుతుంటారు.

పొట్లం సంగతి వచ్చింది కనుక ఒక మాట. బయటి తిండి ఖరీదని ఇంటి నుంచి పులిహోర, చేగోడీలు తెచ్చుకోవడం పొదుపే. అడవిలో కాగితం ముక్క పారేసినా జరిమానా పడుతుందనీ, కొండముచ్చులు చేతిలోది లాక్కునే ధైర్యం గలవనీ గుర్తుంటే చాలు. ఫోను గేటు దగ్గరే ఇచ్చేయాలి, తడోబాలో లోపలికి అనుమతించరు. దీనికి ఇంటాయన పడే బాధ చెప్పనలవి కాదు. పులిని చూడటానికి ఇంత ఖర్చు పెట్టి, చూశామని చూపించే దారి లేకపోతే చూసి ఏం లాభం?

అడవిలోకి వెళ్లాక గైడును మొదటి మలుపులోనే “పులి ఎక్కడుంది?” అని అడగాలి. తర్వాత ప్రతి పది నిమిషాలకూ అడగాలి. చుక్కల దుప్పుల గుంపు కనిపిస్తే, “ఇవి జూలో చూశాం, పోనీ” అనాలి. అడవిదున్న అడ్డం వచ్చినా అంతే. ఆరడుగుల ఎత్తు మృగం తెల్ల మేజోళ్లు తొడుక్కున్నట్టు నిలబడి చూస్తుంటే, గేదెలు మా ఊళ్లోనూ ఉన్నాయనుకోవాలి. రేచుకుక్కల మంద దొరకడం పులి దొరకడం కన్నా కష్టమని గైడు పొంగిపోతుంటే కుక్కలేగా అనాలి. ఇలా ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోతే టికెట్ మొత్తం ఒక్క పులి మీదే పడుతుంది. అంత బరువును ఏ పులీ మోయలేదు.

బండిని ఎక్కడా ఆపనివ్వకూడదు కూడా. గైడు ఇంజన్ కట్టించి, చేయెత్తి “కాల్” అంటాడు. ఎక్కడో కణుజు అరుస్తుంది, చెట్టు మీద కొండముచ్చు దగ్గినట్టు అంటుంది. ఆ అరుపులకు ఒక వరుస ఉంటుంది. దుప్పి అనవసరంగా కూడా బెదురుతుంది. కణుజు అరిచిందంటే మాత్రం దాదాపు నిజమే. వెదురు పొదల వెనక ఏదో నడుస్తోంది. అది ఎటు నడుస్తోందో అరుపు జరిగే దిక్కును బట్టి చెప్పవచ్చు. పావుగంట కదలకుండా కూర్చుంటే దారి దాటే చోటు తెలుస్తుంది. ఈలోగా ఇంకో జిప్సీ డ్రైవరు చెరువు దగ్గర ఏదో కనిపించిందంటాడు. “అక్కడికి పోనీయండి!” అనాలి. అక్కడికి పోయేసరికి పన్నెండు జిప్సీలు, డెబ్బై తలలు, దుమ్ము. పులి వెళ్లిపోయి ఐదు నిమిషాలైందని అందరూ ఒకరికొకరు చెప్పుకుంటుంటారు. ఇందాక ఆగిన చోట దారి దాటిందట అన్న కబురు గేటు దగ్గర వినాల్సిందే.

పాత గైడ్లు ‘మాయ’ గురించి చెప్తారు. తడోబా చెరువుల దగ్గర ఏళ్ల తరబడి జిప్సీల మధ్యనుంచే పిల్లలను నడిపించుకుంటూ పోయిన ఆడపులి. 2023లో కనబడకుండా పోయింది, తర్వాత దాని అవశేషాలు దొరికాయి. ఎంతమంది ఇళ్ల గోడల మీద దాని ఫొటో ఉందో! ఆ కథ చెప్పేటప్పుడు గైడు గొంతు కాస్త మారుతుంది. అప్పుడు టిప్పు తగ్గించే లెక్క వేసుకోకుండా ఉండగలిగితే ఇంటాయన బడ్జెట్‌కు అదొక్కటే దెబ్బ.

తిరుగు రైల్లో లెక్క చూసుకోవాలి. మొదట అన్న అంకెకు రెండింతలకు కాస్త తక్కువగా ఉంటుంది. రెండింతలు కాలేదు గదా అని ఇంటాయన సంతోషిస్తాడు. “నాన్నా, ఆ కుక్కలు భలే ఉన్నాయి కదా” అని చిన్నది అంటుంది. ఎవరూ పలకరు.

బల్లార్ష దాటాక రైలు సిర్పూర్ కాగజ్‌నగర్ మీదుగా వస్తుంది. చంద్రపూర్ వైపు జాగా చాలని కుర్ర పులులు ప్రాణహిత దాటి ఇటే వస్తున్నాయి. ఫాల్గుణ అని పేరు పెట్టిన ఆడపులి అలా వచ్చి ఈ అడవిలోనే పిల్లల్ని పెట్టింది. 2024 నవంబరులో కాగజ్‌నగర్ మండలంలో చేనుకు వెళ్లిన యువతిని పులి చంపింది. పులి వెనక నుంచి మీద పడుతుందని, ఆ తర్వాత పత్తి ఏరే కూలీలకు అటవీ సిబ్బంది మాస్కులు పంచారు. మనిషి ముఖం అచ్చు వేసినవి, తల వెనక్కి కట్టుకోవడానికి. చంద్రపూర్ పల్లెల్లో తునికాకు కోతకు వెళ్లేవాళ్లకు ప్రతి వేసవీ ఇదే భయం. వీళ్లెవరూ ఏ గేటు దగ్గరా టికెట్ కొనలేదు.

కిటికీ బయట దున్ని వదిలేసిన పత్తి చేలు, వాటి వెనక నల్లగా టేకు చెట్లు వెళ్తుంటాయి. లోపల ఇంటిల్లిపాదీ ఒకే ఫోన్ మీదికి వంగి ఉంటారు. బావమరిది పంపిన కొత్త వీడియో అది, ఈసారి టోపీ అడ్డం లేదు.