గేటు వాల్వు గోడు

నేను గేటు వాల్వుని. మేడమీద నీళ్ల ట్యాంకు అడుగున, కిందికి దిగే పైపు మొదట్లో నన్ను బిగించారు. ఒళ్లు ఇత్తడిది, నెత్తిన ఎర్రరంగు వేసిన ఇనుప చక్రం. దాన్ని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే నా లోపలి పలక దిగి నీటికి అడ్డం నిలుస్తుంది. వెయ్యి లీటర్ల ట్యాంకును ఒక్క పలకతో ఆపేదాన్ని. నాకున్న గొప్ప అదే.

ఇల్లు కట్టే రోజుల్లో ప్లంబరు తరచూ నన్ను తిప్పి చూసేవాడు. గృహప్రవేశం అయ్యాక పలకరించినవాళ్లు లేరు. బోరు నీళ్లలోని సున్నం నా మరలకు పేరుకుపోయింది. వానకు తడిసి చక్రం తుప్పు పట్టింది. ఒక్కసారి మాత్రం, కింద నీళ్ల వేగం తగ్గాలని ఎవరో నన్ను సగం మూసి వెళ్లిపోయారు. నన్ను పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి. సగంలో వదిలేస్తే నీటి ఉరవడికి పలక అదిరి అదిరి అంచు అరిగిపోతుంది. ఆ తర్వాత ఎంత బిగించినా నీళ్లు కారుతూనే ఉంటాయి. ఆ బాధ నేను ఏళ్ల తరబడి పడ్డాను.

ఒక రాత్రి వంటింట్లో సింకు వెనక గోడలో పైపు జాయింటు ఊడింది. "ఏవండీ, నీళ్లు ఎక్కడ కట్టెయ్యాలండీ?" అని ఆ ఇల్లాలు కేక పెట్టింది. ఆయనకూ తెలియదు. సింకు కింద యాంగిల్ కాక్ మూశారు కానీ, ఊడింది దానికి వెనక కాబట్టి లాభం లేకపోయింది. చివరికి సెల్‌ఫోను వెలుగులో నన్ను వెతికి పట్టుకుని, పానా పెట్టి బలంగా తిప్పారు. చక్రాన్నీ పలకనూ కలిపే కడ్డీ, బిగుసుకుపోయిన నా స్పిండిల్, పుటుక్కున విరిగింది. ట్యాంకు నీళ్లన్నీ వంటింటి పాలయ్యాయి. తెల్లారాక నన్ను కోసి తీసేశారు. ఇప్పుడు పాతసామాన్ల బస్తాలో, కిలోల లెక్కన అమ్ముడుపోవడానికి పడి ఉన్నాను.

నా చోటికి కొత్త వాల్వు వచ్చింది. దానికైనా ఈ గతి పట్టకూడదు. ఆర్నెల్లకోసారి పూర్తిగా మూసి తెరవండి. తెరిచాక పావు చుట్టు వెనక్కి తిప్పితే పట్టేయదు. స్పిండిల్ దగ్గర చెమ్మ కనిపిస్తే దాని చుట్టూ ఉన్న గ్లాండ్ నట్టు కొంచెం బిగించండి.

పైపు పగిలితే కంగారుపడకండి. నీళ్లు స్విచ్చుబోర్డు వైపు వెళ్తుంటే, తడిలో అడుగు పెట్టకుండానే కరెంటు మెయిన్ ఆపండి. మోటారు, గీజరు కట్టెయ్యండి. ట్యాంకు వాల్వు మూసి, కింది కుళాయి విప్పితే పైపులో మిగిలిన నీళ్లు దిగిపోతాయి. చిన్న పగులైతే తుడిచి ఆరబెట్టి, సైకిల్ ట్యూబు ముక్క సాగదీసి గట్టిగా చుట్టండి. ప్లంబరు వచ్చేదాకా ఆగుతుంది.

ఈ ఆదివారం ఇంట్లో అందరినీ, పిల్లలతో సహా, మేడమీదికి తీసుకెళ్లి వాల్వు చూపించండి. ఒక్కొక్కరి చేతా ఒకసారి తిప్పించండి.