కనబడలేదట!

హైదరాబాద్ బేగంబజార్ సందులో ఒక సైకిలు పోతోంది. క్యారియర్ మీద స్టీలు బిందెలు, తొక్కేవాడి తల దాటిన ఎత్తు. మిట్టమధ్యాహ్నం ఎండ పడి ధగధగలాడుతున్నాయి. ఇంతకంటే పెద్ద రిఫ్లెక్టర్ ఏ కంపెనీ తయారు చేయగలదు? అయినా వెనక కారు వచ్చి చక్రాన్ని రాసేస్తుంది. అద్దం దిగుతుంది. "కనబడలే కాకా, జర సైడ్‌కు పోరాదూ!"

ఏ సైడ్‌కు సారూ? ఎడమ పక్క స్కూటర్ల వరస. దాన్ని ఆనుకుని దుకాణం మెట్లు దిగి రోడ్డెక్కిన మిరపకాయల బస్తాలు. ఆ ముందర సరుకు దింపుతున్న ఆటో ట్రాలీ. ఇక మిగిలింది మోరీ. అందులో తొక్కమంటారా?

ఏటా జనవరిలో రోడ్డు భద్రత బ్యానర్లు కడతారు. సైకిలువాడు ముదురు రంగు చొక్కా వేయొద్దట, మెరిసే జాకెట్ తొడగాలట. అంటే గుద్దేవాడి కళ్లకు పరీక్ష లేదు, గుద్దించుకునేవాడి బట్టలకే పరీక్ష. శభాష్!

సైకిలంటే సర్కారుకు చులకన అనకండి. 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల ట్రాక్ ప్రారంభించారు. నెత్తి మీద సోలార్ పలకల కప్పు, రాత్రి దీపాలు. ముచ్చటగానే ఉంది, కాదనను. కాకపోతే అది నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు. చాలామంది సైకిలును కారుకు కట్టుకుని అక్కడికి పోతారు. కొవ్వు కరిగించుకునేవాడికి నీడ, పొట్ట నింపుకునేవాడికి హారన్!

రాత్రయితే ఇంకో తమాషా. పెద్ద లారీలు మార్కెట్లోకి దిగేది అప్పుడే. వెనక లైటు ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. నడిరోడ్డు మీద ఆగితే అడిగేవాడేడి? సైకిలు రిఫ్లెక్టర్ల నాణ్యత మీద మాత్రం 2020లోనే కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. సంతోషం. ఆ నాణ్యమైన ఎర్ర బిళ్ల మడ్‌గార్డ్‌కు ఉంటుంది. బస్తా కట్టగానే దాని కిందికి పోతుంది. కాబట్టి సైకిలన్నా, సర్కారు చెప్పేదాకా ఆగకు. ఎర్ర లైటు బస్తా వీపుకే కట్టు. పెడళ్లకు మెరిసే టేపు అంటించు, కాలు ఆడినప్పుడల్లా అదీ ఆడుతుంది, చూపు చటుక్కున పడుతుంది. ఆగి ఉన్న కార్లకు ఒక తలుపంత దూరంలో తొక్కు. ఎదుటివాడు హైబీమ్ కొట్టాడా, నీ లైట్లన్నీ దండగ. ఆగిపో, గంతే.

ఒకప్పుడు దీపం లేని సైకిలు దొరికితే పోలీసు గాలి తీసేవాడు. తిట్టుకున్నా, కనీసం వాడి కంటికి సైకిలు ఆనేది. ఇప్పుడు కూడలికో కెమెరా. సైకిలుకు నంబరు ప్లేటు లేదు, చలాన్ రాదు. పైసా రాలని బండి కెమెరాకు మాత్రం ఎందుకు కనబడుతుంది? 2022లో దేశంలో నాలుగు వేల మందికి పైగా సైకిలు తొక్కేవాళ్లు రోడ్ల మీద చనిపోయారు. కేంద్రం పుస్తకంలోని లెక్కే. చచ్చాక మాత్రం అందరికీ కనబడతారు.

చట్టం లేదా అంటే, ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు ఊరంతా జరిమానాల గురించే కొట్టుకుంది. అందులోనే 138(1ఏ) అని ఒక బుల్లి సెక్షన్ పెట్టారు. నడిచేవాళ్ల కోసం, మోటారు లేని బండ్ల కోసం నిబంధనలు రాసే అధికారం రాష్ట్రాలకు ఇచ్చారు. ఆరేళ్లు గడిచాయి. చివరికి 2025 అక్టోబరులో సుప్రీంకోర్టే ఆరు నెలల్లో రాయండని చెప్పాల్సి వచ్చింది. ఫ్లైఓవర్‌కు శంకుస్థాపన చేయమని ఏ కోర్టయినా ఎవరికైనా చెప్పిందా?

ఆ నిబంధనలు రాసే పెద్దసార్లకు ఒక మనవి. సాయంత్రం ఏడింటికి సిద్దిఅంబర్ బజార్ నుంచి మొజంజాహీ మార్కెట్ దాకా సైకిలు తొక్కుకుంటూ రండి. ముందు పైలట్ బండి వద్దు, వెనక గన్‌మెన్ వద్దు. మెరిసే జాకెట్ మేమే చందాలేసుకుని కొంటాం. సైజు చెప్పండి చాలు.