సీటు దొరికేనా?

కోయంబత్తూరు పీలమేడులో ఓ నాయుళ్ళింట అబ్బాయికి విదేశీ కాలేజీ వెతుకుతున్నారు.

పీఎస్‌జీ టెక్ కాలేజీ మేడ మీంచి కనబడుతుంది. అదే దానికున్న లోపం.

‘కాఫీకి ఇంటికొచ్చేసే చదువూ ఒక చదువేనా?’ అని పెదనైన.

మదురై మేనమామ ఫోన్ చేశాడు. జర్మనీ సర్కారు కాలేజీల్లో చాలావాటికి ఫీజే లేదట!

ఇల్లంతా మూగబోయింది. ఫీజు లేని చదువుకు పిల్లనెవరిస్తారు?

ఏడాది ఖర్చుకని 11,904 యూరోలు ముందే బ్యాంకులో కట్టి చూపాలని తెలిశాక, జర్మనీకి కాస్త మర్యాద దక్కింది.

అయినా మనసు అమెరికా మీదే.

అక్కడ మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒకటుండేది. వెబ్‌సైటుంది, చిహ్నముంది, ఫీజుంది. క్లాసుల్లేవు, మేష్టర్లు లేరు. వీసా మోసాలు పట్టడానికి వల పన్ని నడిపింది అక్కడి ప్రభుత్వమే. 2019లో వల లాగితే పడినవాళ్ళలో మన తెలుగు పిల్లలే బోలెడుమంది.

తాత అంతా విని తలాడించాడు.

‘గవర్నమెంటు కాలేజీ అన్నమాట. సీటు కష్టమే!’

మూడో తరగతితో బడి మానేసిన జి.డి. నాయుడు ఈ ఊళ్ళోనే 1945లో ఇంజనీరింగ్ కాలేజీకి పునాది వేశాడు. నాలుగేళ్ళ కోర్సు దండగన్నాడు కూడా. ఆ సంగతి ఎత్తబోతే నైన అడ్డొచ్చాడు:

‘ఆయనకు ఐఈఎల్‌టీఎస్‌లో ఎంతొచ్చింది?’